చలి మీద నెపం

హైదరాబాదులో చలి వేస్తోందంటే ఉత్తరాదివాళ్ళు నవ్వుతారు. నవ్వుకోనివ్వండి. ఎవరి చలి వాళ్ళకు గొప్ప. జనవరిలో తెల్లవారుజామున కోఠి చౌరస్తాలో నిలబడి చూడండి. మంకీ టోపీ లేని మగవాడు, చెవులకు శాలువా చుట్టుకోని ఆడమనిషి కనిపించరు. ఇరానీ హోటల్లో చాయ్ కప్పును తాగే ముందు రెండు చేతులతో పట్టుకుని కాసేపు ధ్యానం చేస్తారు. సుల్తాన్ బజారు దుకాణాల మెట్లమీద కుక్కలు పగటి వైరాలు మరిచి ఒకదాన్నొకటి ఆనుకుని పడుకుంటాయి. ఇంతవరకు చలికీ నాకూ పేచీ లేదు.

నా పేచీ అల్లా ఆ చలి మీద దొంగకేసులు పెట్టేవాళ్ళతో.

పాలవాడు ఆలస్యంగా వస్తే చలి. పనిమనిషి రాకపోతే చలి. ఆఫీసులో ఫైలు కదలకపోతే అదీ చలే. వీటన్నిటినీ క్షమించేశాను. కాని పొద్దున్నే కారు స్టార్ట్ కాకపోతే, బానెట్ ఎత్తకుండానే, మీటరు పెట్టకుండానే, "చలి సార్, బ్యాటరీ మార్చేద్దాం" అనే మాట ఉందే, దాన్ని మాత్రం క్షమించలేను. ఆ మాట నాకు 5,100 రూపాయలకు పడింది. డబ్బు సంగతి పోనివ్వండి. మా అక్కయ్య దగ్గర తలెత్తుకోలేని స్థితి వచ్చింది. అది ఏ బ్యాటరీ దుకాణంలోనూ దొరకని సరుకు.

సంగతి 2008 జనవరిది. సంక్రాంతికి వచ్చిన అక్కయ్య పండుగ వెళ్ళిన నాలుగోనాడు తిరుగు ప్రయాణమైంది. ఆ సాయంత్రమే మా బావగారికి కంటి ఆపరేషను. తెల్లవారుజామున నాంపల్లిలో రైలెక్కితే మధ్యాహ్నానికి ఆయన పక్కన ఉంటుంది. కోఠినుంచి నాంపల్లి ఎంత దూరం? ఓపికున్నవాడు నడిస్తే అరగంట. కాని అక్కయ్యతోపాటు రెండు పెట్టెలు, ఒక అరిసెల డబ్బా, ఒక పచ్చడి జాడీ ఉన్నాయి. అదీగాక ఇంటి ముందు కారు ఉంచుకుని ఆడపడుచును ఆటోలో పంపడం ఏ తమ్ముడికి మర్యాద?

నాది 1997 నాటి మారుతి 800. కార్బరేటర్ బండి. చోక్ లాగి తాళం తిప్పాను. "కుయ్... కుయ్... కుయ్..." అంది. మళ్ళీ తిప్పాను. "కుయ్... కు..." అంది.

"ఒరేయ్ తమ్ముడూ, ఆటో పిలవరా" అంది అక్కయ్య.

"ఉండవే, ఇదిగో ఇప్పుడు అందుకుంటుంది" అన్నాను.

ఈ "ఇదిగో ఇప్పుడు" అనే రెండు మాటలు తెలుగు దేశంలో ఎన్ని ప్రయాణాలు చెడగొట్టాయో ఎవరైనా లెక్క తీస్తే బాగుండును. ఇరవై నిమిషాలు తాళం తిప్పుతూ కూర్చున్నాను. చివరికి పాలవాడూ పేపరు కుర్రాడూ కలిసి బండిని మూసీ వైపు వాలులోకి తోశారు. పది గజాలు పోయిందో లేదో, నిద్రలేచిన కుంభకర్ణుడిలా గర్జించి లేచింది. మేము నాంపల్లి చేరేసరికి ప్లాట్‌ఫారం మీద కూలీలు బీడీలు కాల్చుకుంటున్నారు. రైలు లేదు.

అక్కయ్య బస్సు పట్టుకుని రాత్రికి చేరింది. అప్పటికి బావగారు కంటికి కట్టుతో మంచం మీద ఉన్నారు. ఆపరేషను బాగానే జరిగింది. "లోపలికి తీసుకెళ్ళేముందు నీకోసం రెండుసార్లు అడిగారమ్మా" అని ఎవరో నర్సు చెప్పిందట. అక్కయ్య నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇక వైద్యం మొదలైంది.

మొదటి వైద్యుడు బ్యాటరీ అమ్మేవాడు. పగలు పదకొండు గంటలకు వచ్చాడు. అప్పటికి బండి ఎండలో వెచ్చగా ఉంది. తాళం తిప్పగానే బుద్ధిగా స్టార్టయింది. "చలికి బ్యాటరీ వీకయింది సార్" అన్నాడు. 2,800 రూపాయలు. కొత్త బ్యాటరీతో రెండు పొద్దులు గడిచాయి. మూడో పొద్దున "కుయ్... కుయ్...". రెండో వైద్యుడు కూడా పగలే వచ్చాడు. "చలికి పెట్రోలు సరిగా రావడం లేదు సార్" అని కార్బరేటర్ విప్పి కడిగి, నాలుగు కాదు మూడే ఉన్న ప్లగ్గులను మూడింటినీ మార్చి 900 తీసుకున్నాడు. మర్నాడు మళ్ళీ అదే పాట. మూడో వైద్యుడు "సెల్ఫ్ పోయింది సార్, చలికి పట్టేస్తోంది" అని స్టార్టర్ మోటారు దించి, బ్రష్షులూ బుష్షులూ వేసి 1,400 పట్టుకుపోయాడు. ఒక్క సంగతిలో ముగ్గురూ ఏకగ్రీవం: నేరస్థుడు చలి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పట్టుకోలేక చలి మీద నెపం.

పాపం, మన చలి ఎంతటిదో చూడండి. ఈ ఊళ్ళో రికార్డుకెక్కిన అతి పెద్ద చలి 1946 జనవరిలో 6.1 డిగ్రీలు. మామూలు జనవరి తెల్లవారుజాములు పదిహేను డిగ్రీల దగ్గర తచ్చాడుతుంటాయి. మీ బండిలో ఉండే సీసం బ్యాటరీ జాతి 1859లో గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచి ఆయన చేతిలో పుట్టింది. మన డిగ్రీలకు జడిసే వంశం కాదది. సున్నాకు దిగువన పద్దెనిమిది డిగ్రీలకు పోతే దాని శక్తి సుమారు సగానికి పడిపోతుంది. కెనడాలో ఉండే మనవాళ్ళను అడగండి. అక్కడ ఎడ్మంటన్ వంటి ఊళ్ళలో రాత్రిపూట కారు ఇంజనుకు కరెంటు ప్లగ్గు పెట్టి, పసిపిల్లవాడికి పొత్తిళ్ళలో కాపడం పెట్టినట్టు వెచ్చగా ఉంచుతారు. వాళ్ళు "చలివల్ల స్టార్ట్ కాలేదు" అంటే లేచి నిలబడి నమస్కారం పెడతాను. కోఠిలో ఆ మాట అంటే కూర్చునే ఉంటాను.

అలాగని చలి బొత్తిగా అమాయకురాలని వాదించను. చలికి ఇంజను ఆయిలు కాస్త చిక్కబడుతుంది, అందుచేత ఇంజనును తిప్పడానికి ఎక్కువ కరెంటు కావాలి. ఆయిలు డబ్బా మీద 20డబ్ల్యూ-50 అని రాసి ఉంటుంది చూడండి, ఆ డబ్ల్యూ వింటర్ అనే మాటకు గుర్తు. పెట్రోలు చల్లగా ఉంటే సరిగా ఆవిరి కాదు, అందుకే చోక్ లాగి గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచుతాం. బ్యాటరీ కూడా ఒక పిసరు మందగిస్తుంది. అన్నీ సక్రమంగా ఉన్న బండి ఈ పిసరును లెక్కచెయ్యదు. ఎక్కడో ఒక లోపం దాచుకున్న బండి మాత్రం ఈ పరీక్షలో తప్పుతుంది. అంటే చలి పరీక్షాధికారి. పిల్లవాడు తప్పితే పరీక్షాధికారిని మార్చమంటామా?

ఇంకో మాట. నిజంగా బ్యాటరీయే చచ్చిపోయినా, మన ఊళ్ళో హంతకుడు చలి కాదు, ఎండ. నలభై డిగ్రీలు దాటే మే నెలలో, బానెట్ కింద అంతకంటే ఎక్కువ వేడిలో, బ్యాటరీలో నీళ్ళు ఆవిరవుతాయి, లోపలి పలకలు తినేస్తాయి. మేలో తగిలిన దెబ్బ డిసెంబరులో బయటపడుతుంది. చలి ఒట్టి సాక్షి. మనం సాక్షిని పట్టుకుని బోనెక్కించాం. హంతకుడు మామిడిపళ్ళు తినిపించి దర్జాగా వెళ్ళిపోయాడు.

నా కథలోకి వస్తాను. నాలుగో వైద్యుడు పుత్లీబౌలి వెనుక ఒక సందులో వేపచెట్టు కింద షెడ్డు పెట్టుకున్న ముసలి ఉస్తాద్. బోర్డు లేదు. ఉస్తాద్ నా కథంతా విన్నాడు. బండి చూడలేదు. ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"పగటీలి మంచిగనే స్టార్ట్ అయితదా సార్?"

"అవుతుంది."

"పొద్దుగాల సెల్ఫ్ జోర్‌గ తిరుగుతదా, మెల్లగనా?"

"మెల్లగా, మూలుగుతున్నట్టు."

"ధక్కా పెడితే?"

"వెంటనే."

"అయితే పెట్రోల్ ఉన్నది, కరెంట్ ఉన్నది. ప్లగ్గులు ఎందుకు మార్పిచ్చిండ్రు సార్?"

నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు చెబుతున్నాను, మీరూ ఆలోచించండి. తోస్తే లేచిన బండికి ప్లగ్గుల్లో నిప్పురవ్వ ఉన్నట్టే, పెట్రోలు అందుతున్నట్టే. జబ్బు ఉంటే గింటే ఇంజనును తిప్పే వ్యవస్థలో, అనగా బ్యాటరీ, మోటారు, వాటిని కలిపే తీగల్లో ఉండాలి. ఇది ఇంజనీరింగు కాలేజీలో చదవనక్కరలేదు. పాలవాడు తోసిన పది గజాల్లోనే సగం రోగం తేలిపోయింది. ఆ సాక్ష్యాన్ని ముగ్గురు వైద్యులూ అడగలేదు, నేనూ చెప్పలేదు. "తోస్తే స్టార్టయింది" అనడం నాకు నామోషీ.

"రేపు పొద్దుగాల బండి ముట్టుకోకుండ్రి. ఆరు గంటలకు నేనే వస్త" అన్నాడు ఉస్తాద్.

ఇక్కడ ఆగి ఒక దణ్ణం పెట్టాలనిపిస్తుంది. చల్లటి ఇంజను జబ్బును చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఇంత చిన్న సంగతి మిగతా ముగ్గురికీ తట్టలేదా? తట్టింది. కాని తెల్లవారుజామున లేచి వచ్చినందుకు కూలి ఎవరిస్తారు? సామాను మార్చడానికి పగలు పదకొండు చాలు.

ఉస్తాద్ వచ్చాడు. తాళం తిప్పమన్నాడు. "కుయ్... కుయ్..." మూలిగింది. ఆయన చెయ్యి బ్యాటరీ మీద లేదు, మోటారు మీద లేదు. కార్బరేటర్‌కు వెళ్ళే చోక్ వైరు మీద ఉంది. "సార్, జర ఇక్కడ చెయ్యి పెట్టి చూడుండ్రి" అన్నాడు. పెట్టాను. వెచ్చగా ఉంది! ప్రపంచమంతా చల్లగా ఉన్న ఆ వేళ, ఏ పాపమూ ఎరగని చోక్ వైరుకు జ్వరమెందుకు?

సంచిలోంచి లావుపాటి తీగ ఒకటి తీశాడు. ఒక చివర బ్యాటరీ మైనస్‌కు, ఇంకో చివర సరాసరి ఇంజను ఇనుముకు పట్టించాడు. "ఇప్పుడు కొట్టుండ్రి సార్" అన్నాడు. తాళం తిప్పీ తిప్పకముందే బండి లేచింది. నేను కూడా సీటులోంచి లేచాను.

జబ్బు ఇది. బ్యాటరీ నుంచి ప్లస్ తీగలో బయల్దేరిన కరెంటు మోటారును తిప్పి, ఇంజను ఇనుము మీదుగా మైనస్ తీగలో ఇంటికి తిరిగి రావాలి. ఆ మైనస్ తీగ ఇంజనుకు బిగించిన చోట బోల్టు కింద తుప్పు పట్టింది. అర్తింగ్ లేదు. రాచబాట మూసేశారు గనుక కరెంటు సందుల్లో పడి, చోక్ వైరు గుండా ఇరుక్కుంటూ వస్తోంది. అందుకే ఆ వైరుకు జ్వరం, మోటారుకు నీరసం. పగలు ఇంజను తేలిగ్గా తిరుగుతుంది గనుక ఆ నీరసపు కరెంటే సరిపోయింది. తెల్లవారుజామున ఆయిలు చిక్కబడేసరికి చాలలేదు. బ్యాటరీవాడు ఆ తీగ ఈ చివర విప్పి బిగించాడు. ఆ చివర ఎవరూ చూడలేదు.

ఉస్తాద్ బోల్టు విప్పి, గరుకు కాగితంతో తుప్పు గీకి, పానాతో గట్టిగా బిగించాడు. పదిహేను నిమిషాలు. సామాను ఖర్చు సున్నా.

"ఎంతివ్వమంటావు ఉస్తాద్?"

"మీ ఇష్టం సార్."

యాభై రూపాయలిచ్చాను. ఇచ్చి, పదిహేను నిమిషాలకు యాభై అంటే ధర్మరాజులా ఇచ్చాననే అనుకున్నాను. ఆయన నోటు మడిచి జేబులో పెట్టుకుంటూ అడిగాడు.

"బ్యాటరీకి ఎంతిచ్చిండ్రు సార్?"

"2,800."

"బేరం జేసిండ్రా?"

"బేరమెక్కడిది? దానిమీద రేటు ప్రింటు చేసి ఉందిగా."

"గదే సార్. నా నెత్తి మీద రేటు ప్రింట్ లేదు" అని నవ్వి, సంచి భుజాన వేసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ ఇంకో మాట అన్నాడు. "మా పిల్లగాడు నా దగ్గర ఈ పని నేర్వలే. సామాన్ల దుకాణంల కూసున్నడు. వానిదే తెలివి."

ఆ రోజునుంచి నా కోపం దారి మళ్ళింది. అంతకుముందు ఆ ముగ్గుర్నీ మోసగాళ్ళని తిట్టుకుంటూ ఉండేవాణ్ణి. ఇప్పుడు తిట్టబుద్ధి కాదు. చూడండి: బ్యాటరీ మార్చినవాడికి ఒక బ్యాటరీ అమ్మిన లాభం మిగిలింది. మోటారు విప్పినవాడికి కూలి మిగిలింది. జబ్బు కనిపెట్టినవాడికి యాభై రూపాయలు, అదీ నా దయ. ముగ్గురు పొరపాటుపడ్డవాళ్ళకు 5,100, నిజం చెప్పినవాడికి 50. ఈ జీతాల పట్టీ రాసింది ఎవరు? నేను. మార్చినందుకే డబ్బు ఇచ్చి, చూసినందుకు ఇవ్వని ఊళ్ళో చూసేవాడు ఎందుకుంటాడు? మనం సామానుకు వేలు లెక్కపెట్టి ఇస్తాం. బుర్రకు మాత్రం "ఊరికే చూసిపో నాయనా" అంటాం. ఊరికే చూడమంటే ఊరికే చూసి, ఊరికే ఏదో ఒకటి మారుస్తాడు. మోసగాడు ఆకాశంనుంచి ఊడిపడడు. మన బేరాల్లోంచి పుడతాడు.

"అదంతా పాత బండ్ల సంగతి, ఇప్పటి బండ్లకు కంప్యూటరుంది, అదే చెబుతుంది" అంటారు మా మేనల్లుడి వంటి కుర్రవాళ్ళు. నిజమే. ఇప్పటి బండికి చోక్ లేదు, కార్బరేటర్ లేదు. ఇంజను నీళ్ళ వేడి కొలిచే సెన్సరు ఒకటి ఉంటుంది. అది చల్లగా ఉందని చెబితే కంప్యూటరు పెట్రోలు పాలు పెంచుతుంది. ఆ సెన్సరు చెడి, చల్లటి ఇంజనును పట్టుకుని "వేడిగానే ఉంది స్వామీ" అని అబద్ధమాడితే? పెట్రోలు చాలదు, బండి లేవదు. కంప్యూటరు మాత్రం తనకు అందిన అబద్ధాన్నే నమ్మి కూర్చుంటుంది. ఒక్కోసారి ఏ కోడూ రాదు. ఒక్కోసారి ఇంకెవరి మీదో ఫిర్యాదు రాస్తుంది. ఆ ఫిర్యాదు చదివి అందులో పేరున్న సామాను మార్చేసేవాడికీ, "చలి సార్" అన్నవాడికీ తేడా ఏమిటి? ఇతని చేతిలో తెర ఉంది, అంతే. చూడటం తెలిసినవాడు ఏం చేస్తాడంటే, రాత్రంతా నిలబడ్డ బండికి పొద్దున్నే మీటరు తగిలించి, ఇంజను వేడీ బయటి గాలి వేడీ సుమారు ఒక్కటిగా ఉన్నాయా లేదా అని చూస్తాడు. బయట పదిహేను ఉండి ఇంజను అరవై అంటే దొంగ దొరికినట్టే. దీనికీ పొద్దున్నే లేవాలి. దీనికీ కూలి కావాలి.

1912లో అమెరికాలో కాడిలాక్ కారుకు ఛార్లెస్ కెటరింగ్ కరెంటు స్టార్టర్ పెట్టినప్పటినుంచి, మనం క్రమంగా చేతి హ్యాండిలు మరిచిపోయాం. మన అంబాసిడర్లకు ముందునుంచి హ్యాండిలు పెట్టి తిప్పిన రోజులు మీలో కొందరికి గుర్తుండే ఉంటాయి. హ్యాండిలు తిప్పినవాడికి ఇంజను బిగుసుకుందో, వదులుగా ఉందో మోచేతికే తెలిసేది. ఇప్పుడు చేతికి తెలియదు సరే, చెవికైనా తెలియాలి గదా! కాబట్టి ఈసారి బండి మొరాయిస్తే, "స్టార్ట్ కావడం లేదు" అని ఊరుకోకండి. రోగి "ఒంట్లో బాగాలేదు" అంటే ఏ డాక్టరు మందివ్వగలడు?

వినండి. తాళం తిప్పితే మూలుగుతూ మెల్లగా తిరుగుతోందా? బ్యాటరీ, దాని కొసలు, అర్తింగ్, మోటారు, ఈ వరసలో చూడమనండి. "టక్" మని ఒక్క చప్పుడు చేసి ఊరుకుందా? అదీ ఈ కుటుంబమే. చురుగ్గా గిర్రున తిరుగుతూ అందుకోవడం లేదా? అప్పుడు బ్యాటరీని వదిలెయ్యండి. నిప్పురవ్వ, పెట్రోలు సంగతి చూడండి. ప్లగ్గు విప్పితే తడిగా ఉందా, పెట్రోలు ఎక్కువై మునిగింది, లేదా రవ్వ లేదు. ఎంత తిప్పినా పొడిగానే ఉందా, పెట్రోలే రావడం లేదు. మంచు కురిసిన పొద్దుల్లోనే మొరాయిస్తుంటే ప్లగ్గు వైర్లు బీటలు వారాయేమో చూడండి; ఆ తేమలో కరెంటు దారి తప్పుతుంది. ఏమైనా ఒక్కసారికి పది సెకన్లకు మించి తిప్పకండి. తిప్పాక ఒక నిమిషం ఆగండి. "ఇదిగో ఇప్పుడు" అనకండి.

ఆ తరవాత నేను గుజరాతీ గల్లీకి వెళ్ళి ఒక చిన్న మీటరు కొనుక్కున్నాను. బ్యాటరీకంటే ఎంతో చవక. రాత్రంతా నిలబడ్డ మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపాలి. 12.2కు దిగితే సగం ఖాళీ. ఇంజను నడుస్తున్నప్పుడు 14 దగ్గర ఉండాలి. లేకపోతే దాన్ని నింపే ఆల్టర్నేటర్‌ను అడగాలి. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ 9.6కు తగ్గకూడదు. మీటరు ఒక పుల్ల బ్యాటరీ మైనస్ గుబ్బమీద, ఇంకో పుల్ల ఇంజను ఇనుము మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటితే అర్తింగ్ బాగాలేదు. ఇంత చిన్న లెక్క నాకు ముందు తెలిసి ఉంటే అక్కయ్య రైలు అందుకునేది. కొసలమీద తెల్లటి బూజు పట్టి ఉంటే, ముందు మైనస్ తీగ విప్పి, వంటసోడా కలిపిన వేడినీళ్ళతో కడిగి, ఆరాక బిగించి, కాస్త వాజలీను పుయ్యండి. మా ఇంట్లో "వంటసోడా ఏమైందండీ?" అన్న ప్రశ్నకు జవాబు ఎప్పుడూ ఇదే.

ఇదంతా మీరే చేసుకుని మెకానిక్కుల కడుపు కొట్టమని కాదు నా ఉద్దేశం. తద్విరుద్ధం. చప్పుడు విని చెప్పగలిగినవాడే, మీటరు అంకె అర్థమైనవాడే, కనిపెట్టినవాడి విలువ గుర్తుపడతాడు. అందుచేత నేను ఒక నియమం పెట్టుకున్నాను. బండి ఎవరికి ఇచ్చినా ముందుగానే, "జబ్బు కనిపెట్టినందుకు ఇంత, బాగుచేసినందుకు వేరే" అని మాట్లాడుకుంటాను. ఏ సామానూ మార్చనక్కరలేదని తేలినా మొదటి మొత్తం ఇచ్చి తీరతాను. మార్చాలంటే, ఎందుకు మార్చాలో నా కళ్ళముందు చూపించమంటాను. మొదట్లో ఇది వింతగా చూశారు. ఒకాయన "సార్‌కు డబ్బు ఎక్కువైంది" అన్నాడట. ఎక్కువ కాలేదు నాయనా, ఒకసారి 5,100 పోగొట్టుకున్నాక కాస్త లెక్కలు వచ్చాయి.

ఆ నియమం పెట్టుకున్న మొదటి వారమే ఇంకో 200 పట్టుకుని ఉస్తాద్ షెడ్డుకు వెళ్ళాను. "ఇదేంది సార్, పని అయిపోయిందిగద?" అన్నాడు.

"పనికి కాదు ఉస్తాద్, చూసినందుకు" అన్నాను.

ఆయన వెంటనే తీసుకోలేదు. చేతులు గుడ్డతో తుడుచుకుని, ఇంకోసారి తుడుచుకుని, అప్పుడు అందుకున్నాడు. నలభై ఏళ్ళుగా పని చేస్తున్నాననీ, చూసినందుకని ఎవరూ ఇవ్వలేదనీ అన్నాడు. సంతోషించాలో సిగ్గుపడాలో తెలియక చాయ్ చెప్పాను.

చలికాలం ప్రతి ఏడూ వస్తుంది. ప్రతి ఏడూ మన వీధుల్లో "కుయ్... కుయ్..." మని ఏదో ఒక బండి మూలుగుతుంది, ఎవరో ఒకరు కిటికీలోంచి "చలికి బ్యాటరీ పోయిందండీ" అని తీర్పు చెబుతారు. ఈసారి ఆ గొంతు మీదైతే, దయచేసి కిటికీ మూసుకుని పడుకోండి. ఆ బండి మీదైతే, మెకానిక్కును తెల్లవారుజామున రమ్మనండి, వచ్చినందుకు, చూసినందుకు చేతినిండా ఇవ్వండి. ఈలోగా ఇంట్లో ఎవరైనా రైలు ఎక్కవలసి ఉంటే మాత్రం, మర్యాదకు పోకుండా ఆటో పిలవండి.